పీజీలో ఒకబ్బాయి కప్‌బోర్డులో హెచ్‌ఐవీ మాత్రలు ఉన్నాయంట, ఖాళీ చేయించమంటున్నారు. ఏం చేయాల?

మారతహళ్ళి పీజీ అక్క

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు. బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి నుంచి కాస్త లోపలికి మగపిల్లల పీజీ, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టలు, నడుపుతున్నా. ఉండేదంతా దాదాపు మనోళ్ళే. కడప, అనంతపురం, నెల్లూరు, ఒంగోలు. పొద్దున ఉగ్గాని బజ్జీ, వారానికోసారి రాగిసంగటి పెడతానని తెలిసినోళ్ళు ఇక్కడ కూడా ఉంటారు. అందుకే అడ్రసు ఇంతకంటే చెప్పను.

సంగతేమంటే, పైన త్రీ షేరింగ్ రూములో ఒక అబ్బి ఉన్నాడు. నెమ్మదస్తుడు, అద్దె ఎప్పుడూ అడిగించుకోడు. పోయిన వారం వాని పక్క మంచం వాడు చార్జరు కోసమని వాని కప్‌బోర్డు తెరిచినాడంట. లోపల తెల్ల ప్లాస్టిక్ డబ్బా, దానిమీద టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అని మూడు పేర్లు. ఫోటో తీసి గూగుల్లో వెతికి, ఇది హెచ్‌ఐవీ మందని తేల్చి, రాత్రికల్లా పీజీ వాట్సాప్ గ్రూపులో పడేసినాడు. నేను తిట్టి తీసేయించినా. అప్పటికే చూడాల్సినోళ్ళంతా చూసేసినారు.

ఇప్పుడు నలుగురొచ్చి "ఆంటీ, వాన్నన్నా పంపించండి, మా అడ్వాన్సన్నా ఇచ్చేయండి" అని కూచున్నారు. వంటాయన ఆ అబ్బి ప్లేటు, గ్లాసు వేరే పెట్టమంటాడు. బాత్రూములు కడిగే ఆమె గ్లౌజులు అడిగింది. అవి ఎట్లయినా ఇవ్వాల్సినవే, ఇచ్చినా. ఒకడైతే దోమ వాన్ని కుట్టి నన్ను కుడితే ఎట్లా ఆంటీ అంటాడు. మారతహళ్ళి దోమల సంగతి మీకు నేను చెప్పాల్నా.

మనిషిని మనిషిగా చూడాలని నాకూ తెలుసు, దయచేసి నీతులు రాయొద్దు. నాకు కావాల్సింది తేటగా జవాబు. ఒకే బాత్రూము, ఒకే గిన్నెలు, ఒకే వాషింగ్ మిషన్ వాడితే అంటుకుంటుందా లేదా? ఆ అబ్బిని పిలిచి అడగొచ్చా? మిగతా పిల్లోళ్ళు వాళ్ళ అమ్మానాన్నలకు చెబితే, వాళ్ళు నాకు ఫోను చేసి అడిగితే నేనేం చెప్పాల?

పక్క గది కౌన్సెలర్

అక్కా, నేను బెంగళూరులోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, కౌన్సెలర్‌ని. రక్తం తీసే గది పక్క గది నాది. పరీక్షకు ముందు ఒకసారి, రిపోర్టు వచ్చాక ఒకసారి మనుషులతో మాట్లాడతాను. ఊరు మదనపల్లె. ముందు ఆ డబ్బా సంగతి చెబుతా. తకరారు మొదలైంది అక్కడే కదా.

ఆ మూడు పేర్లున్న మాత్రను మేం టీఎల్‌డీ అంటాం. మూడు మందులూ ఒకే మాత్రలో ఉంటాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు రోజుకొకటి, నిజమే. కానీ అదే మాత్రను హెచ్‌ఐవీ లేనివాళ్ళకు కూడా 28 రోజులు ఇస్తారు. నర్సుకు వాడిన సూది గుచ్చుకున్నా, ఎవరిమీదైనా అత్యాచారం జరిగినా, వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా 72 గంటల్లోపు మొదలుపెట్టే కోర్సు అది. పెప్ అంటారు. ఇక ఆ మూడింటిలో టెనోఫోవిర్‌ను విడిగా హెపటైటిస్ బి రోగులకూ రాస్తారు. కాబట్టి ఆ పిల్లవాడికి ఏముందో డబ్బా చూసి మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను, ఫోటో తీసినవాడు అసలే చెప్పలేడు. పిలిచి అడగొద్దు. అతను తనంతట తానొచ్చి చెబితే వినండి, అంతే.

సరే, హెచ్‌ఐవీ ఉందనే అనుకుందాం. ఆ వైరస్ బయటికొచ్చే దారులు కొన్నే: రక్తం, వీర్యం, యోని ద్రవాలు, మలద్వారం లోపలి ద్రవాలు, తల్లిపాలు. అవి అవతలి మనిషి ఒంట్లోకి నేరుగా చేరాలి. అంటే కండోమ్ లేని సంభోగం, ఒకరు వాడిన సిరంజి ఇంకొకరు వాడటం, పరీక్షించని రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు. మీ పీజీలో ఒకే గిన్నెలో వండిన సంగటి తినడం ఈ జాబితాలో ఎక్కడా లేదు. ఉమ్మి, చెమట, కన్నీళ్ళ వల్ల రాదు. బాత్రూము కమోడు వల్ల రాదు. గాలి తగిలి ఎండిపోతే ఈ వైరస్ సోకే శక్తి పోగొట్టుకుంటుంది. ఇక వాషింగ్ మిషన్‌లో సబ్బునీళ్ళ మధ్య అదేం చేస్తుంది? వంటాయనకు చెప్పండి, ప్లేటు వేరు పెట్టాల్సిన పని లేదని. అందరి ప్లేట్లూ బాగా కడగమనండి, అది వేరే సంగతి.

దోమ గురించి అడిగిన పిల్లవాడిది మంచి ప్రశ్నే, చాలామందికి వచ్చేదే. మలేరియా, డెంగ్యూ దోమతో వస్తున్నప్పుడు ఇది ఎందుకు రాదు? మలేరియా క్రిమి, డెంగ్యూ వైరస్ దోమ ఒంట్లో పెరిగి దాని లాలాజలంలోకి చేరతాయి. దోమ కుట్టినప్పుడు మనలోకి వదిలేది ఆ లాలాజలాన్నే. అంతకుముందు తాగిన రక్తాన్ని కాదు. హెచ్‌ఐవీ పెరగాలంటే మనిషి తెల్లరక్త కణాలు కావాలి. దోమ కడుపులో అవి అరిగిపోతాయి, వైరస్ కూడా వాటితోనే పోతుంది. దోమతెరలు మాత్రం కట్టించండి, డెంగ్యూ కోసం.

ఇప్పుడు మీ పిల్లలెవరూ అడగని సంగతి. రోజూ మాత్ర వేసుకునే మనిషి రక్తంలో వైరస్ కొన్ని నెలల్లో తగ్గిపోయి, మిషన్‌కు దొరకనంత స్థాయికి వస్తుంది. దాన్ని వైరల్ లోడ్ పరీక్షతో చూస్తాం. ఆ స్థాయిలో నిలబడ్డ మనిషి నుంచి సెక్స్ ద్వారా కూడా భాగస్వామికి సోకదు. నేను ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మరొకరికి లేని జంటల మీద యూరప్‌లో పార్ట్‌నర్ అనే అధ్యయనం రెండు విడతలుగా జరిగింది. వాళ్ళు కండోమ్ లేకుండా కలిసిన సందర్భాలు లక్షకు పైనే. మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. అంతకు ముందే 2011లో హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనం, మందులు త్వరగా మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గుతుందని తేల్చింది. అందులో మన చెన్నై, పుణె జంటలు కూడా ఉన్నారు.

పక్క మంచం మీద పడుకుంటే వస్తుందా అని మీవాళ్ళు భయపడుతున్నారు. మందు వేసుకునే మనిషి పక్కన పడుకోవడం కాదు, అతన్ని పెళ్ళి చేసుకున్నా భయం లేని రోజులివి. నా పదేళ్ళ పైబడ్డ అనుభవంతో చెబుతున్నా, వైరస్‌ను పంచేది ఎక్కువగా తమకు ఉందని తెలియనివాళ్ళే. సోకిన మొదటి వారాల్లో రక్తంలో వైరస్ విపరీతంగా ఉంటుంది. ఆ మనిషికి ఓ జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు వచ్చి పోతాయి, లేదా ఏమీ రావు. డోలో వేసుకుని ఆఫీసుకు పోతాడు. ఆ సమయంలో పరీక్ష చేసినా నెగటివ్ రావచ్చు. మీ పీజీలో పరీక్ష చేయించుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు?

చివరగా చట్టం. హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. హెచ్‌ఐవీ ఉందని ఇల్లు అద్దెకివ్వకపోవడం, ఉన్నచోటు నుంచి ఖాళీ చేయించడం వివక్ష కిందకే వస్తాయని అందులో స్పష్టంగా ఉంది. నీకుందా లేదా చెప్పు అని ఎవర్నీ బలవంతం చేయకూడదు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ మీద ద్వేషం రేపేలా ప్రచారం చేస్తే మూడు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. గ్రూపులో మళ్ళీ ఎవడైనా మొదలుపెడితే ఈ ముక్క చదివి వినిపించండి. అమ్మానాన్నలు ఫోన్ చేస్తే "మా పీజీలో ఎవరి ఆరోగ్యం సంగతీ ఇంకొకరికి చెప్పం, మీ అబ్బాయిదైనా అంతే" అనండి. నోరు మూతపడుతుంది.

నైట్ షిఫ్ట్

కౌన్సెలర్ గారూ, మీరు చెప్పింది బానే ఉంది. కానీ ఆ పక్క మంచం వాడిని మరీ విలన్‌ని చేయకండి. మేం కూడా బీటీఎంలో ముగ్గురం ఒక రూములో ఉంటాం. ట్రిమ్మర్ ఒకటే, నెయిల్ కట్టర్ ఒకటే, అర్జెంటుగా ఉంటే రేజర్ కూడా. తెలిస్తే జాగ్రత్త పడతాం కదా అనిపించదా? పైగా కింద సెలూన్‌లో బ్లేడు మార్చాడా లేదా అని రోజూ చూస్తామా?

పక్క గది కౌన్సెలర్

విలన్‌ని చేయలేదు తమ్ముడూ. కానీ కప్‌బోర్డు తెరవడం, ఫోటో తీయడం, గ్రూపులో పెట్టడం అనే మూడు పనులూ జాగ్రత్త కిందికి రావు.

ట్రిమ్మర్ మాటకొస్తే, గడ్డం ట్రిమ్మర్ వల్ల హెచ్‌ఐవీ వచ్చిందని నా ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరికీ తేలలేదు. రేజర్ మీద ఎండిన చుక్క నుంచి సోకే అవకాశం లేదనే అనొచ్చు. ఆసుపత్రిలో హెచ్‌ఐవీ రోగి రక్తం ఉన్న సూది లోతుగా గుచ్చుకుంటేనే, గుచ్చుకున్న మనిషి పెప్ వేసుకోకపోయినా, సోకేది దాదాపు వెయ్యిలో మూడుసార్లు. అదే సూదితో హెపటైటిస్ బి అయితే, టీకా వేయించుకోని మనిషికి ఎన్నో రెట్లు ఎక్కువ సోకుతుంది. ఆ వైరస్ ఎండిన రక్తంలో కూడా రోజుల తరబడి బతుకుతుంది. కాబట్టి రేజర్, టూత్‌బ్రష్ ఎవరిది వారే వాడుకోండి. కారణం హెపటైటిస్. దానికి టీకా ఉంది, వేయించుకున్నావా? సెలూన్‌లో కొత్త బ్లేడు వేయమని అడగడానికి మొహమాటమెందుకు, డబ్బులిస్తున్నాం కదా.

"తెలిస్తే జాగ్రత్త పడతాం" అన్నావు చూడు, చిక్కంతా అందులోనే. తెలియని పదిమంది సంగతేమిటి? ఎవరి రక్తమైనా సరే, గాయమైతే చేతికి గ్లౌజు వేసుకోవడం, నేలమీద పడితే బ్లీచింగ్ నీళ్ళతో తుడవడం. ఆసుపత్రిలో మేం చేసేదీ ఇదే. రోగి రిపోర్టు చూసి గ్లౌజు వేసుకోం, అందరికీ వేసుకుంటాం.

పెరంబూరు పెద్దాయన

నేను చెన్నైవాణ్ణి. మా తాతల కాలంలో నెల్లూరు నుంచి వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. మీ చర్చ చూశాక 1986 గుర్తొచ్చింది. మన దేశంలో ఈ వైరస్ మొదట బయటపడింది మా ఊళ్ళోనే. మద్రాసు మెడికల్ కాలేజీలో సునీతి సాలమన్ గారు, ఆమె దగ్గర చదువుకుంటున్న సెల్లప్పన్ నిర్మల గారు కలిసి సెక్స్‌వర్కర్ల రక్త నమూనాలు సేకరించి, వాటిని వేలూరు సీఎంసీలో పరీక్ష చేయించారు. అప్పటిదాకా అది అమెరికా రోగం, మనకెందుకొస్తుందిలే అని అందరూ ధీమాగా ఉన్నారు. వార్త పడ్డాక పట్నంలో పుట్టిన భయం ఇంతా అంతా కాదు. మా వీధి మంగలి షాపు చాన్నాళ్ళు ఈగలు తోలుకుంది.

ఆ సునీతి గారే 1993లో వైఆర్‌జీ కేర్ అని పెట్టి వేలమందిని చూశారు. 2015లో పోయారు. చనిపోయాక పద్మశ్రీ ఇచ్చారు. పైన కౌన్సెలర్ బాబు చెప్పిన చెన్నై జంటల అధ్యయనంలో ఆ సంస్థ కూడా ఉంది.

మీ ఆంధ్రలో "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని గోడలమీద, హోర్డింగుల మీద వేసిన రోజులు గుర్తున్నాయా? నెల్లూరు వెళ్ళినప్పుడల్లా ఆ పులిరాజా ఎవర్రా బాబూ అని మా మనవడు అడిగేవాడు. నవ్వులాటకైనా జనం ఆ మాట పైకి అన్నారు. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు, ఇక జబ్బు సంగతి ఏం తెలుస్తుంది.

ఒంగోలు అమ్మాయి

అక్కా, నేను కె.ఆర్. పురంలో ఉంటానండి. పాజిటివ్‌నే. ఇక్కడ ఎవరికీ నా పేరు తెలియదు కాబట్టి రాస్తున్నాను.

మా ఆయనకి లేదు. పాపకి లేదు. కడుపుతో ఉన్నప్పుడు మామూలుగా చేసే పరీక్షల్లో బయటపడింది నాకు. అప్పుడే మందులు మొదలుపెట్టారు. ప్రసవం ఆసుపత్రిలోనే అయింది. పాపకి పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు పోయించారు. ఆరో వారంలో మడమ దగ్గర చిన్నగా పొడిచి, ఒక కార్డు మీద రక్తపు చుక్కలు ఆరబెట్టి పంపారు. తర్వాత ఆరో నెలలో, ఏడాదికి, పద్దెనిమిదో నెలకి మళ్ళీ మళ్ళీ పరీక్షలు. చివరి రిపోర్టు చేతికొచ్చేదాకా నేను దానికి ముద్దు పెట్టాలన్నా ముందూ వెనకా చూసేదాన్ని. ముద్దు వల్ల రాదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా సరే. నా పాలే పట్టించమన్నారు, మందు మానకుండా. ఏమీ చేయకుండా వదిలేస్తే నూటికి పదిహేను నుంచి నలభై అయిదు మంది పిల్లలకి సోకుతుందని, మందులు వాడితే అది అయిదు లోపుకి తగ్గుతుందని కౌన్సెలింగ్‌లో చెప్పారు. కడుపుతో ఉన్న ఆడపిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ పరీక్ష చేయించుకోవడానికి మొహమాటపడొద్దండి.

నేను రాయాలనుకుంది వేరే. ఆ అబ్బాయి డబ్బాని కప్‌బోర్డులో అలాగే పెట్టుకున్నాడంటే, మీ పీజీ మీద నమ్మకంతోనే పెట్టుకున్నాడు. మేం అత్తారింట్లో ఉన్నన్నాళ్ళూ నేను డబ్బా మీద చీటీ గీకేసేదాన్ని. బ్యాగులో పెట్టుకుని నడుస్తుంటే మాత్రలు గలగలలాడేవి. అందుకని మూత కింద దూది కుక్కేదాన్ని. బస్సులో పక్కనున్నామె "ఏం మందులమ్మా" అంటే థైరాయిడ్ అనేదాన్ని. ఏ రోజైనా చుట్టాలొచ్చి ఇంట్లో మసిలితే ఆ రాత్రి మాత్ర తప్పిపోయేది. ఇలా దాచుకోవాల్సి వచ్చి మాత్రలు మానేసిన వాళ్ళు నాకు తెలుసు. మానేస్తే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, మందుకి లొంగని రకం పుడుతుంది. ఆ నలుగురు కుర్రాళ్ళు అతన్ని భయపెట్టి మందు మాన్పిస్తే వాళ్ళకి ఒరిగేదేమిటో నాకు అర్థం కాదు.

ఇంకొక్క మాట. మీరు రక్తం పట్టడానికని అందరికీ ఐరన్, కాల్షియం మాత్రలు ఇచ్చే రకమైతే, ఆ అబ్బాయికి ఇవ్వకండి. డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకుంటే మందు సరిగా ఎక్కదు. ముందూ వెనకా గంటలు చూసుకుని వేసుకోవాలి. గ్యాస్‌కి వాడే అంటాసిడ్లదీ అదే కథ. మా అమ్మ చేతి వైద్యంతో నాకు తెలిసొచ్చింది ఇది.

పేరు వద్దు

ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. శుక్రవారం రాత్రి ఒకరితో ఉన్నాను. కండోమ్ చిరిగింది. అవతలి మనిషి గురించి నాకేమీ తెలీదు. ఇప్పుడు ఆదివారం పొద్దున. సోమవారం ల్యాబ్‌కి వెళ్ళి హెచ్‌ఐవీ టెస్టు చేయించుకుంటే తెలిసిపోతుందా? లేకపోతే రక్తదానం క్యాంపు ఉంది మా ఆఫీసులో, వాళ్ళెలాగూ టెస్ట్ చేస్తారు కదా అనుకుంటున్నా.

పక్క గది కౌన్సెలర్

బాబూ, సోమవారం కాదు, ఇప్పుడే బయల్దేరు. పైన చెప్పిన పెప్ గుర్తుందా, 72 గంటల్లోపు అని? నీకు సోమవారం రాత్రిదాకా గడువుందని లెక్క వేసుకుంటున్నావేమో, ఆ లెక్క వద్దు. గంట గంటకీ ఆ మందు పనితనం తగ్గుతుంది. ఏఆర్‌టీ సెంటరు, అంటే హెచ్‌ఐవీ మందులిచ్చే కేంద్రం, ఉన్న పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పో, బౌరింగ్, విక్టోరియా లాంటివి. ఆదివారమైనా క్యాజువాల్టీ తెరిచే ఉంటుంది. డ్యూటీ డాక్టరుకు సూటిగా చెప్పు: ఎప్పుడు జరిగింది, కండోమ్ చిరిగింది, పెప్ కావాలి. ప్రభుత్వ పద్ధతిలో అది ప్రధానంగా ఆసుపత్రి సిబ్బందికీ అత్యాచార బాధితులకూ ఉద్దేశించింది కాబట్టి అక్కడ అటూ ఇటూ అంటే అక్కడే కూర్చోకు. హెచ్‌ఐవీ చూసే ప్రైవేటు డాక్టరు రాసిచ్చినా సరే. దారిలో 1097కు ఫోన్ చెయ్యి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు.

మొదలుపెట్టాక 28 రోజులూ ఒక్క రోజు తప్పకూడదు. ఈ లోపు, ఆ తర్వాత చివరి పరీక్ష అయ్యేదాకా కండోమ్ వాడు, రక్తం ఇవ్వొద్దు. ఇవాళ చేసే పరీక్ష శుక్రవారం సంగతి చెప్పదు, అంతకుముందు నీ పరిస్థితేమిటో చెబుతుంది, అంతే. ల్యాబ్‌లో చేసే కొత్త తరం పరీక్షకు కూడా వైరస్ కనిపించాలంటే సుమారు 18 నుంచి 45 రోజులు పడుతుంది. వేలు పొడిచి చేసే ర్యాపిడ్ టెస్టుకు మూడు నెలల దాకా పట్టొచ్చు. పెప్ వాడితే మళ్ళీ ఎప్పుడెప్పుడు పరీక్షకు రావాలో డాక్టరు రాసిస్తారు, ఆ తేదీలు తప్పకు.

రక్తదానం మాట మాత్రం నాకు ఒళ్ళు మండింది. నీ ఒక్కడిమీద కాదు, ఈ తెలివి నేను చాలామంది దగ్గర విన్నాను. బ్లడ్ బ్యాంకులో అన్నీ పరీక్షిస్తారు, నిజమే. కానీ పరీక్షకు దొరకని ఆ మొదటి రోజుల్లోనే నువ్వు రక్తమిస్తే, అది ప్రసవంలో రక్తం పోయిన ఒకామెకు ఎక్కుతుంది. ఐసీటీసీలో పరీక్ష ఉచితం, రిపోర్టు నీ చేతికే. దానికి రక్తదానం డొంకతిరుగుడెందుకు?

ఇక కండోమ్ ఎందుకు చిరుగుతుందో కూడా విను. పర్సులో నెలల తరబడి పెట్టుకుని దానిమీద కూర్చుంటారు. కొబ్బరినూనె, వాసెలిన్ రాస్తారు, లేటెక్స్ మెత్తబడి పగులుతుంది. నీటి ఆధారిత జెల్లీ అని అడగాలి మెడికల్ షాపులో. కొందరు రెండు తొడుగుతారు భద్రమని, రెండూ రాసుకుని చిరుగుతాయి. తారీఖు చూడరు. ఇలాంటి సందర్భాలు నీకు తరచూ వస్తాయనిపిస్తే డాక్టరుతో ప్రెప్ గురించి మాట్లాడు. హెచ్‌ఐవీ లేనివాళ్ళు ముందుగానే వేసుకునే మాత్ర అది. క్రమంగా వేసుకుంటే సెక్స్ ద్వారా సోకడాన్ని బాగా ఆపుతుంది. కానీ సిఫిలిస్, గనేరియాలను ఆపదు, కాబట్టి కండోమ్ పని కండోమ్‌దే.

వెళ్ళావా?

పేరు వద్దు

ఆటోలో ఉన్నా అన్నా.

మారతహళ్ళి పీజీ అక్క

అందరికీ థ్యాంక్స్. ఒంగోలు అమ్మా, నీ మాట చదివి ఐరన్ మాత్రలు పంచే అలవాటు మానేసినా. నిజంగానే పంచేదాన్ని.

జరిగింది చెబుతా. రాత్రి భోజనాలప్పుడు పిల్లోళ్ళందరినీ కింద కూచోబెట్టి, తమ్ముడు చెప్పిన దోమ సంగతి, సూది సంగతి, చట్టం సంగతి చెప్పినా. ఎవరి పేరూ ఎత్తలే. దోమ ప్రశ్న వేసినవాడే మళ్ళీ లేచి, "ఆంటీ మాలో ఎవరికుందో మాకే తెలీదంటే, మేమంతా టెస్టు చేయించుకోవాల్నా" అన్నాడు. అందరూ నవ్వినారు గానీ, ఆ నవ్వు కొంచెం ఎక్కువసేపే నడిచింది. నాకు అర్థమైంది.

ఆ నలుగురిలో ఒకడు ఖాళీ చేస్తానన్నాడు. అడ్వాన్సు లెక్క చూసి ఇచ్చేసినా. మిగతా ముగ్గురూ ఉన్నారు. ఫోటో తీసినవానికి మాత్రం నేనే నెల నోటీసు ఇచ్చినా. ఇంకొకరి కప్‌బోర్డు తెరిచినందుకు. రేపు ఏ లాప్‌టాపో పోతే ఎవరు పూచీ? వాళ్ళ నాన్న ఫోను చేసి ఎగిరినాడు. కప్‌బోర్డు సంగతి చెప్పేసరికి తగ్గినాడు. అన్ని కప్‌బోర్డులకూ కొత్త తాళాలు వేయించినా, ఖర్చు నాదే.

ఆ అబ్బితో నేనేమీ అడగలే. తాళంచెవి ఇచ్చేటప్పుడు "రెండోది నాకాడ కూడా ఉండదు నాయనా" అన్నా. తల ఊపినాడు. ఇంకా బయటే తింటున్నాడు. మెస్సు డబ్బులు తగ్గించాల్నా వద్దా అని ఆలోచిస్తున్నా.

తమ్ముడూ, రెండు అడగాల. ఒకటి, మీ ఆసుపత్రోళ్ళను పిలిచి ఒక ఆదివారం మా పీజీలోనే అందరికీ పరీక్షలు చేయిస్తే? రెండోది, ప్లేటు వేరే పెట్టమన్న మా వంటాయన నిన్న మెల్లగా వచ్చి, "అమ్మా, నేను కూడా ఒకసారి చూపించుకుంటా, ఎక్కడికి పోవాల" అన్నాడు. పెళ్ళాం పిల్లలు రాయచోటిలో ఉంటారు. ఎందుకని అడగలే.

పక్క గది కౌన్సెలర్

పీజీలో క్యాంపు వద్దక్కా. పిలిస్తే వచ్చేవాళ్ళు ఉంటారు, కానీ మీ పిల్లలంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు. ఒకడు చేయించుకోనంటే "ఏం, నీకేమైనా ఉందా" అని మొదలుపెడతారు. పరీక్ష అనేది మనిషి తన ఇష్టంతో, సంతకం పెట్టి చేయించుకోవాలి. ఆ అబ్బాయి ఆ రోజు ఏ కారణం చెప్పి తప్పించుకోవాలో ఆలోచించండి. కావాలంటే నేనే ఒక సాయంత్రం వచ్చి ఊరికే మాట్లాడి పోతా, సూదులేమీ లేకుండా.

వంటాయన్ను ఏ పని రోజైనా పొద్దున పంపండి. వంట ముగించుకుని వచ్చినా పర్లేదు. పరగడుపున ఉండక్కర్లేదు, డబ్బులక్కర్లేదు. దగ్గర్లో ఐసీటీసీ ఎక్కడుందో 1097లో చెబుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరు సెంటర్లలో తెలుగు తెలిసినవాళ్ళు దాదాపు ఎక్కడైనా ఉంటారు, కన్నడం రాదని ఆగొద్దని చెప్పండి. మొదటి కిట్‌లో రియాక్టివ్ అని వస్తే వేరే రెండు రకాల కిట్లతో మళ్ళీ చూసి, మూడూ ఒకటే చెబితేనే పాజిటివ్ అంటాం. అలా వస్తే సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతుందని చూసుకుంటూ ఆగే పద్ధతి 2017లోనే పోయింది. ఏ స్థాయిలో ఉన్నా వెంటనే మందు మొదలుపెడతారు, ఉచితంగా. నెగటివ్ వస్తే చివరిసారి ఎప్పుడు రిస్కు ఉందో దాన్నిబట్టి మళ్ళీ ఎప్పుడు రావాలో చెబుతాం. పెళ్ళాన్ని కూడా తీసుకురావాలా అని అడిగితే, ముందు తనను రమ్మనండి, ఆ మాట నేను మాట్లాడతా.

మెస్సు డబ్బులు తగ్గించకండి. తగ్గిస్తే ఇక రావొద్దన్నట్టు అవుతుంది.